లోన్ సెటిల్‌మెంట్ కంపెనీల రివ్యూ (హైదరాబాద్): సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

లోన్ సెటిల్‌మెంట్ సర్వీస్ (బ్యాంకుతో మాట్లాడి మన అప్పు తగ్గించి ముగిస్తామని ఫీజు తీసుకునేవాళ్ళు) తీసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మేం ఏ కంపెనీలోనూ చేరలేదు. మూడు చోట్ల మాట్లాడాం, ఇచ్చినచోట అగ్రిమెంట్ కాపీ ఇంటికి తెచ్చుకుని లైన్ లైన్ చదివాం, చివరికి బ్యాంకులతో మేమే మాట్లాడుకున్నాం. కంపెనీల పేర్లు రాయను, పేరుకంటే వాళ్ళు ఫీజు ఎలా లెక్క కడుతున్నారు, ఏం రాసిస్తున్నారు అనేదే మీకు పనికొస్తుంది. ఓవరాల్‌గా ఈ సర్వీస్‌కి నేనిచ్చేది 5కి 2.

విషయం మా తమ్ముడిది. గచ్చిబౌలిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ప్రాజెక్ట్ పోయింది, కొన్నాళ్ళు బెంచ్ మీద పెట్టి తీసేశారు. పర్సనల్ లోన్ 3,80,000, రెండు క్రెడిట్ కార్డులు కలిపి 2,60,000, మొత్తం 6,40,000. ఉద్యోగం లేకుండా ఈఎంఐలు కట్టలేక ఒక్కోటీ ఆగిపోతూ వచ్చాయి, ఇక రికవరీ ఫోన్లు మొదలు, వాడికే కాదు మా అమ్మకి కూడా. 2020లో లోన్ యాప్‌ల వేధింపులు మన ఊళ్ళో ఎంతదాకా వెళ్ళాయో చూసినవాళ్ళం కాబట్టి ఇంట్లో అందరికీ అదే భయం. సరిగ్గా అప్పుడే వాడికి ఇన్‌స్టాలో యాడ్ కనిపించింది, మీ లోన్ సగానికి సెటిల్ చేస్తాం, ఒక్క ఫోన్ కూడా రాదు అని. "అక్కా, వీళ్ళే చూస్కుంటారంట, మనం ఫోన్ కూడా ఎత్తక్కర్లేదంట" అన్నాడు. ఆ టైంలో ఆ మాటకి ఎవరైనా పడిపోతారు, వాణ్ణి తప్పుపట్టను.

మొదటిది మాదాపూర్‌లో ఆఫీసు ఉన్న కంపెనీ. ఆఫీసు బాగుంది, కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నారు, కౌన్సిలర్ అని పరిచయం చేసుకున్న అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. స్కీమ్ ఏంటంటే ఈఎంఐలు పూర్తిగా ఆపెయ్యాలి, ఆ డబ్బులు నెలనెలా వాళ్ళు చెప్పిన ఒక అకౌంట్‌లో వెయ్యాలి, ఏడెనిమిది నెలల తర్వాత బ్యాంకు దిగొస్తుంది, అప్పుడు ఆ డబ్బుతో సగానికి సెటిల్ చేస్తారు. ఫీజు 15 శాతం. దేని మీద 15 శాతం అని అడిగా. ఇదే అసలు ప్రశ్న, దయచేసి అందరూ ఇదే అడగండి. తగ్గించిన మొత్తం మీద కాదు, చేరిన రోజు ఉన్న అప్పు మొత్తం మీదంట. అంటే 6,40,000కి 96,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 17,280, మొత్తం 1,13,280. అదే 15 శాతం తగ్గించిన దాని మీద తీసుకుంటే, నిజంగా సగం తగ్గించారనే అనుకున్నా, 48,000 ప్లస్ జీఎస్టీ 8,640, అంటే 56,640. అదే శాతం, ఫీజు మాత్రం డబుల్. పైగా అప్పు మొత్తం మీద తీసుకునేవాళ్ళకి బ్యాంకు ఎంత తగ్గించినా, తగ్గించకపోయినా వాళ్ళ డబ్బులు వాళ్ళకి వస్తాయి, ఇంక గట్టిగా బేరం ఆడాల్సిన అవసరం ఏముంది వాళ్ళకి.

ఇప్పుడు ఆ "సగం" సంగతి చూద్దాం, నేను ఇంట్లో కాలిక్యులేటర్ పెట్టుకుని వేసిన లెక్క ఇది. రెండు కార్డుల మీద 2,60,000 ఉంది. కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుంటే 9,100, వడ్డీ మీద జీఎస్టీ 1,638, కలిపి నెలకి 10,738. ఎనిమిది నెలలు కట్టడం ఆపేస్తే వడ్డీ మీద వడ్డీ, లేట్ ఫీజులు వదిలేసినా 85,904 పెరుగుతుంది, బాకీ 3,45,904 అవుతుంది. అప్పుడు సగానికి సెటిల్ చేశారు అంటే 1,72,952. దానికి కంపెనీ ఫీజు 2,60,000 మీద 15 శాతం, జీఎస్టీతో 46,020. మొత్తం మన జేబులోంచి పోయేది 2,18,972. ఈరోజు ఉన్న 2,60,000తో పోలిస్తే మిగిలింది 41,000. ఈ 41,000 కోసం ఎనిమిది నెలలు ఏజెంట్ల ఫోన్లు పడాలి, సిబిల్ (మన అప్పుల చరిత్ర చూపే స్కోర్) పాడవ్వాలి, మధ్యలో నోటీసులు రావాలి. యాడ్‌లో 50 శాతం అని కనిపించేది ఇదన్నమాట. ఏ రోజు ఉన్న బాకీలో సగం, ఈరోజుదా సెటిల్‌మెంట్ రోజుదా అని అడిగితే ఆ అబ్బాయి నీళ్ళు నమిలాడు, సీనియర్‌తో మాట్లాడిస్తా అన్నాడు, ఆ సీనియర్ కూడా సమాధానం చెప్పలేదు.

అగ్రిమెంట్ కాపీ ఇంటికి ఇవ్వమంటే ముందు సంతకం పెడితేనే మెయిల్ చేస్తామన్నారు, గట్టిగా అడిగాక ప్రింట్ ఇచ్చారు. నోటితో "సగం గ్యారంటీ మేడమ్" అన్నవాళ్ళు పేపర్ మీద ఏం రాశారంటే, ఎంత శాతానికి సెటిల్ అవుతుందో, అసలు అవుతుందో లేదో కంపెనీ హామీ ఇవ్వదు, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఏ పరిస్థితిలోనూ వాపస్ ఇవ్వబడదు, బ్యాంకు తీసుకునే చట్టపరమైన చర్యలకి కంపెనీ బాధ్యత లేదు. వివాదం వస్తే వేరే రాష్ట్రంలో ఉన్న వాళ్ళ హెడ్డాఫీసు ఊళ్ళోనే తేల్చుకోవాలంట. ఈ చివరిది చూసి భయపడకండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కానీ మొదటి రెండు లైన్లు మాత్రం మీ నెత్తినే పడతాయి, నోటిమాట ఎక్కడా నిలబడదు.

ఇంకోటి, వాళ్ళ గోడ మీద పదేళ్ళ అనుభవం అని పెద్ద బోర్డు ఉంది. లెటర్‌హెడ్ మీద కంపెనీ సీఐఎన్ నంబర్ ఉంటుంది కదా, 21 అక్షరాలు అంకెలు కలిపి, అందులోనే రిజిస్టర్ అయిన సంవత్సరం ఉంటుంది. వీళ్ళది 2022. ఎంసీఏ (కేంద్రంలో కంపెనీల్ని రిజిస్టర్ చేసే శాఖ) వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, అడ్రస్ ఫ్రీగానే కనిపిస్తాయి, రెండు నిమిషాల పని. ఒకవేళ తేదీ సరిపోయినా "మేం గవర్నమెంట్ రిజిస్టర్డ్" అనే మాటకి పొంగిపోకండి, కిరాణా డిస్ట్రిబ్యూషన్ కంపెనీ కూడా అక్కడే రిజిస్టర్ అవుతుంది. లోన్ సెటిల్‌మెంట్ చేసేవాళ్ళకంటూ మన దగ్గర ఆర్‌బీఐ ఇచ్చే ప్రత్యేక లైసెన్స్ ఏదీ లేదు. అమెరికాలో అయితే 2010లోనే అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ రూల్ పెట్టింది, ఫోన్ ద్వారా అమ్మే డెట్ రిలీఫ్ కంపెనీలు కనీసం ఒక్క అప్పైనా సెటిల్ చెయ్యకుండా ముందు ఫీజు తీసుకోకూడదని. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఆ రూల్ ఇంట్లో మనమే పెట్టుకోవాలి, పని కాకముందు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. 2023 డిసెంబర్‌లో ఆర్‌బీఐ ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది, లోన్ మాఫీ చేయిస్తామని యాడ్‌లు వేసి, సర్వీస్ ఫీజు, లీగల్ ఫీజు తీసుకుని, ఎలాంటి అధికారం లేకుండా అప్పు మాఫీ సర్టిఫికెట్లు ఇస్తున్నవాళ్ళున్నారు, నమ్మొద్దు, పోలీసులకి చెప్పండి అని. సర్టిఫికెట్ అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా లేచి వచ్చేయండి.

రెండోది పూర్తిగా ఫోన్ మీద నడిచే కంపెనీ, ఇక్కడ ఆఫీసే లేదు. నెలకి 4,500 చొప్పున 24 నెలలు, అంటే 1,08,000, జీఎస్టీ వేసుకుంటే 1,27,440. ఇందులో సెటిల్‌మెంట్ అయితే మళ్ళీ సక్సెస్ ఫీజు వేరే. వీళ్ళు ప్రధానంగా అమ్మేది ఫోన్ల బాధ లేకుండా చెయ్యడం. బ్యాంకు నంబర్లన్నీ వాళ్ళకి డైవర్ట్ చెయ్యాలి, వాళ్ళు మాట్లాడతారు. ఇది నిజంగా ఉపయోగపడే సర్వీసేనని ఒప్పుకుంటా, ఫోన్ మోగితే చాలు మావాడి మొహం పాలిపోయేది, ఆ ప్రశాంతతకి విలువ ఉంది. కానీ అందులో ఉన్న ప్రమాదం కూడా చూడండి, బ్యాంకు నుంచి వచ్చే మంచి ఆఫర్ కూడా వాళ్ళకే పోతుంది, మీకు తెలీదు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు జరిగే విచారణ) నోటీసు గురించి చేసే కాల్ కూడా అంతే. మనం వెళ్ళకపోతే ఆర్బిట్రేటర్ ఏకపక్షంగా అవార్డ్ ఇచ్చేస్తారు, అది పట్టుకుని బ్యాంకు కోర్టులో ఎగ్జిక్యూషన్‌కి, అంటే వసూలుకి వెళ్తుంది. ఏ నోటీసూ పక్కన పడేయొద్దు, కవర్‌తో సహా దాచండి.

ఏజెంట్ల ఫోన్ల విషయానికి నెలకి 4,500 అక్కర్లేదండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీల కోసం ఫోన్ చెయ్యకూడదు, తిట్టకూడదు, బెదిరించకూడదు, ఇంట్లోవాళ్ళనీ ఫ్రెండ్స్‌నీ ఇందులోకి లాగి పరువు తీయకూడదు. మేం కాల్ టైంలు స్క్రీన్‌షాట్‌లు తీసి, అమ్మకి వచ్చిన కాల్స్ కూడా పెట్టి బ్యాంకు గ్రీవెన్స్ మెయిల్‌కి రాశాం. అమ్మకి ఫోన్లు ఆగిపోయాయి, తమ్ముడికి రావడం తగ్గింది, పగలు మాత్రమే వచ్చేవి. 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫ్రీ, వివరాలకి 14448 ఉంది. అయితే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే అప్పు తగ్గిస్తారని కొందరు అనుకుంటున్నారు, అది వాళ్ళ పని కాదు, ఎంత తగ్గించాలనేది బ్యాంకు ఇష్టం.

ఇద్దరూ చెప్పని విషయాలు కొన్ని. ఈఎంఐకి ఇచ్చిన ఆటో డెబిట్ డబ్బుల్లేక బౌన్స్ అయితే అది చెక్ బౌన్స్ లాంటిదే, 2007 పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద బ్యాంకు కేసు పెట్టొచ్చు, రెండేళ్ళ దాకా శిక్ష రాసి ఉంది అందులో. ముందు నోటీసు ఇస్తారు, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు టైం ఉంటుంది, ఆ 15 రోజుల్ని వదులుకోకూడదు. అప్పు కట్టలేకపోవడం మాత్రమే అయితే సివిల్ విషయం, దానికి అరెస్ట్ ఉండదు, ఏజెంట్ "పోలీసుల్ని పంపిస్తా" అంటే భయపడక్కర్లేదు. రెండోది, లోన్ ఇచ్చిన బ్యాంకులోనే మీ శాలరీ అకౌంట్ ఉంటే ఆ డబ్బు మీద లియన్ పెట్టేస్తారు, అంటే మనం తీయకుండా ఆపి బాకీకి పట్టుకుంటారు, జీతం పడగానే పోతుంది. మూడోది, లోన్‌లో భార్యో అన్నో కో అప్లికెంట్‌గా, గ్యారంటర్‌గా ఉంటే వాళ్ళ సిబిల్ కూడా పోతుంది. హోమ్ లోన్‌ని అయితే ఈ కంపెనీల చేతిలో అస్సలు పెట్టొద్దు, ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక, తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి ఇంటి మీదకే వస్తారు, ఆపేసి చూద్దాం అనే ఆట అక్కడ పనికిరాదు.

నెలనెలా వాళ్ళ అకౌంట్‌లో వెయ్యమన్న డబ్బు గురించి కూడా చెప్పాలి. కౌన్సిలర్‌ని అడిగా, ఆ అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటుంది, మీ కంపెనీ మూతపడితే మా డబ్బు ఏమవుతుంది అని. కంపెనీ పేరు మీదే అన్నాడు. మరి మా పేరు మీద వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టుకుంటే సరిపోదా అంటే క్రమశిక్షణ కోసం అన్నాడు. సంపాదించేది వాడు, అప్పు వాడిది, డబ్బు కూడా వాడి పేరు మీదే ఉండాలి.

మూడోది అమీర్‌పేటలో ఒక లాయర్ గారు, చిన్న రూమ్, బోర్డు కూడా చిన్నదే. ముగ్గురిలో నాకు నమ్మకం కలిగింది ఈయన దగ్గరే. నోటీసుకి జవాబు రాస్తే ఇంత, ఆర్బిట్రేషన్‌కి హాజరైతే ఇంత అని ఫిక్స్‌డ్ ఫీజు చెప్పారు, తగ్గించిన దాంట్లో వాటా అడగలేదు. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం లాయర్లు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, యాడ్‌లు వేసుకోకూడదు, అందుకే "మా లాయర్ టీమ్, రిజల్ట్ వస్తేనే ఫీజు" అని రీల్స్ చేసే కంపెనీల్ని చూస్తే ఆ లాయర్ల ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగాలి. మా కాగితాలన్నీ చూసి ఈయన "అమ్మా, ఇంకా కేసు దాకా రాలేదు, నాకెందుకు డబ్బులివ్వడం, ముందు బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి" అన్నారు. ఐపీ పెట్టమని ఎవరో చుట్టాలు సలహా ఇచ్చారని చెప్తే, 6 లక్షలకి ఐపీ పెట్టి కోర్టు చుట్టూ తిరిగితే ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి నష్టమే ఎక్కువ అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. ఈయనకి 5కి 5.

బ్యాంకుతో నేరుగా మాట్లాడటానికి భయపడేవాళ్ళకి ఒకటి చెప్తా. 2023 జూన్ 8న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ప్రతి బ్యాంకుకీ, ఎన్‌బీఎఫ్‌సీకీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) రాజీ సెటిల్‌మెంట్ల మీద బోర్డు ఆమోదించిన పాలసీ ఉండాలి. కాబట్టి మనం అడుక్కోవట్లేదు, ఉన్న పాలసీ ప్రకారం అడుగుతున్నాం. ఫోన్‌లో ఏజెంట్‌తో కాదు, బ్రాంచిలో రాసిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. మేం రిలీవింగ్ లెటర్, ఆరు నెలల స్టేట్‌మెంట్, నెలకి ఎంత కట్టగలమో ఒక పేజీ రాసి పెట్టాం. పర్సనల్ లోన్ టైం పెంచి ఈఎంఐ తగ్గించారు, సిబిల్ రిపోర్టులో రీస్ట్రక్చర్డ్ అని పడుతుందని ముందే చెప్పారు, సరే అన్నాం. పెద్ద కార్డు 1,70,000 బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చి కార్డు బ్లాక్ చేశారు. 90,000 ఉన్న చిన్న కార్డు అప్పటికే రైట్ ఆఫ్ అయిపోయింది, అంటే ఇక రాదని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసింది, అది 52,000కి, రెండు వాయిదాల్లో సెటిల్ చేశారు. ఫీజు సున్నా. టైం మాత్రం పట్టింది, బ్రాంచి వాళ్ళు కలెక్షన్స్ డిపార్ట్‌మెంట్ అంటారు, వాళ్ళు మళ్ళీ బ్రాంచి అంటారు, ఓపిక కావాలి, ఆ తిరిగే ఓపిక లేనివాళ్ళు ఎవరికైనా ఫీజిచ్చి చేయించుకుంటే నేను తప్పనను, ఫీజు తగ్గించిన దాని మీద, పని అయ్యాక మాత్రమే ఇవ్వండి.

సెటిల్‌మెంట్ లెటర్ బ్యాంకు లెటర్‌హెడ్ మీదే ఉండాలి, లోన్ అకౌంట్ నంబర్, మొత్తం ఎంత, ఏ తేదీలోపు, ఇది కడితే ఇంకేమీ బాకీ లేనట్టే అనే వాక్యం, ఈ నాలుగూ చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ పట్టుకుని డబ్బు కట్టొద్దు, బ్రాంచిలో చూపించి నిజమో కాదో అడగండి. డబ్బు లోన్ లేదా కార్డు అకౌంట్‌లోకే పోవాలి, ఏజెంట్ యూపీఐకి కాదు. మావాడికి ఒక ఏజెంట్ "అన్నా, నా నంబర్‌కి కొట్టు, నేను సిస్టమ్‌లో ఎక్కిస్తా" అన్నాడు, మావాడు ఫోన్ పెట్టేసి నేరుగా బ్రాంచికే వెళ్ళాడు. ఒక్క వాయిదా తేదీ దాటినా ఆఫర్ రద్దు చేసి కట్టిందంతా పాత బాకీలో జమ వేసుకునే షరతు ఉంటుంది, తేదీలు జాగ్రత్త.

లోక్ అదాలత్ నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్ళండి. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు నుంచి కవర్ వచ్చిందంటే కేసు పడిపోయిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, కానీ కేసు వెయ్యకముందే రాజీ కోసం పిలిచే నోటీసులు చాలా ఉంటాయి. అక్కడికి బ్యాంకు అధికారి కూడా వస్తారు కాబట్టి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఫీజు లేదు, నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటే మాత్రం ఆ అవార్డ్ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు, కట్టగలిగిన మొత్తానికే సంతకం పెట్టండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది, తెలుగులో మాట్లాడారు.

సిబిల్ గురించి చివరగా. సెటిల్ చేస్తే రిపోర్టులో క్లోజ్డ్ అని కాదు, సెటిల్డ్ అని పడుతుంది, అలాంటి సమాచారం కనీసం ఏడేళ్ళు క్రెడిట్ రిపోర్టులిచ్చే కంపెనీల దగ్గర ఉంటుంది. సెటిల్ చేసిన బ్యాంకు కూడా కనీసం 12 నెలలు మళ్ళీ లోన్ ఇవ్వకూడదని ఆ 2023 సర్క్యులర్‌లోనే ఉంది. రెండేళ్ళలో హోమ్ లోన్ ప్లాన్ ఉన్నవాళ్ళు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది, ఈఎంఐ తగ్గించుకుని పూర్తిగా కట్టడమే నయం. తర్వాత డబ్బు సమకూరితే మిగతాది కూడా కట్టి క్లోజ్డ్‌గా మార్చమని బ్యాంకుని అడగొచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, తీసి చూసుకోండి. తప్పుంటే కంప్లైంట్ పెట్టాక 30 రోజుల్లో సరిచెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం రూల్ ఉంది. మావాడి చిన్న కార్డు డబ్బు కట్టేసి నో డ్యూస్ లెటర్ వచ్చినా రిపోర్టులో ఇంకా బాకీ చూపిస్తోంది, లెటర్ జతచేసి పోయిన వారమే కంప్లైంట్ పెట్టాం, సరిచేశాక ఈ రివ్యూలోనే అప్‌డేట్ రాస్తా.